అమ్మాజీ గారి వేలి బరువు

తెనాలి గంగానమ్మపేటలో ఆ ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళకి ఆ వారమంతా ఒకటే చప్పుడు. లోపల ఎవరో తీగ మీటుతారు, టంగ్ అంటుంది. మళ్ళీ మీటుతారు, ఈసారి పై స్థాయిలో టింగ్ అంటుంది. పాట లేదు, పల్లవి లేదు, పొద్దస్తమానం టంగ్, టింగ్. కూరగాయల బండి ఆవిడ బేరం మధ్యలో ఆపి లోపలికి తొంగిచూసింది. పాలు పోసే అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏంటండి బాబాయిగారూ, ఏదన్నా రిపేరా అండి?"

విజయసారథి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా రైలు మోతలో నిద్రపోయినవాడు. అలాంటివాడికే ఆ రెండు స్వరాలు తలకెక్కి కూచున్నాయి.

"రిపేరే బాబూ," అన్నాడు. "మీ పిన్నిగారు కరెంటు వీణకి వైద్యం చేస్తోంది."

"కరెంటు వీణ కాదు, గిటారు," అని లోపలి నుంచి హైమావతి గొంతు వినిపించింది. ఆ వెంటనే మళ్ళీ టంగ్.

ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరుగా చేసి, ఇంటి నిండా వీణ శిష్యుల ఫొటోలు పెట్టుకున్న ఆవిడకి ఈ వయసులో గిటారుతో ఏం పని అని ఎవరైనా అడుగుతారు. అది చెప్పాలంటే ముందు ఆవిడ మోకాళ్ళ గురించి చెప్పాలి. మోకాళ్ళ కంటే ముందు బాపట్ల గురించి చెప్పాలి.

హైమావతి పుట్టింది బాపట్లలో. వాళ్ళ వెనక వీధిలోనే అమ్మాజీ గారిల్లు. అమ్మాజీ గారు పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఊళ్ళో వీణ నేర్చుకోవాలనుకున్న ఆడపిల్లలందరూ ఆవిడ హాల్లో చాప మీద కూచుని లేచినవాళ్ళే. ఆవిడ నేర్పే పద్ధతి వేరు. నోటితో చెప్పడం తక్కువ. పిల్ల వేలు తీగ మీద పెట్టించి, దాని మీద తన వేలు పెట్టి నొక్కేవారు. "నొక్కు. ఇంకా నొక్కవే. తీగకి నువ్వున్నావని తెలియాలి," అనేవారు. పిల్లలకి ఎడమచేతి వేళ్ళ చివర గాట్లు పడేవి. జడ వేసుకోవడానికి కూడా ఏడుపొచ్చేది. హైమావతి ఏడవగా ఏడవగా ఒకరోజు ఆ గాట్లు కాయలు కాశాయి. ఆ తర్వాత ఆమె చేతిలో వీణ పలకడం మొదలుపెట్టింది.

అమ్మాజీ గారింట్లో ఇంకో రూలుండేది. వాయించేవాళ్ళు హాల్లో, వాయించనివాళ్ళు వంటింట్లో. సాధన చెయ్యకుండా వచ్చిన పిల్లని ఒక్క మాట అనేవారు కాదు, నేరుగా వంటింట్లోకి పంపి బీరకాయలు తరగమనేవారు. చూడ్డానికొచ్చిన పెద్దమనుషుల భార్యలకీ అదే మర్యాద. ఊరికే కూచుని వినే చెవులంటే ఆవిడకి నమ్మకం లేదు.

ఆవిడ సొంత కూతురు కావేరి కూడా ఆ రూలు కిందే నలిగింది. చిన్నప్పుడు వీణ ముందు కూచున్నదే. "నీ చేతిలో బరువు లేదే," అని తల్లి ఒకరోజు అన్నారు. కోపంతో అన్న మాట కూడా కాదు, ఉన్నమాట అన్నట్టు అన్నారు. ఆ మాట పట్టుకుని ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ హాల్లో చాప మీద కూచోలేదు.

అమ్మాజీ గారు పోయి చాలాకాలమైంది. ఆవిడ పోయినా ఆవిడ రూలు పోలేదు. ఏటా మాఘమాసంలో ఆవిడ పోయిన తిథికి శిష్యురాళ్ళందరూ బాపట్లలో ఆ ఇంటికే చేరతారు. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి పెద్దవాళ్ళదాకా తలా ఒకటి వాయిస్తారు. మైకుండదు, శాలువాలుండవు. వాయించనివాళ్ళు వంటింట్లో కావేరికి సాయం చేస్తారు. అంతమంది ఆడవాళ్ళు, ఇళ్ళలో ఎవరి మాటా వినని వాళ్ళు, ఆ ఒక్క రూలు మాత్రం ఇప్పటికీ కిమ్మనకుండా పాటిస్తారు.

పెళ్ళయ్యాక హైమావతి తెనాలి వచ్చింది. ఉద్యోగం రేపల్లెలో. పొద్దున్నే ప్యాసింజరెక్కి వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ వెళ్ళడం, సాయంత్రం అదే బండిలో రావడం. ఆ స్కూల్లోనే లెక్కల మాస్టారు అంద్రెయ పరిచయమయ్యాడు. ఆమె కంటే బాగా చిన్నవాడు, రేపల్లె మనిషే. ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవాడు. ఆయన ఉండే ఇల్లు పల్లంలో ఉంది, వానొస్తే గోడలు చెమ్మెక్కేవి, గిటారు కర్ర ఉబ్బిపోయేది. దాన్ని స్కూల్లో సంగీతం గదిలో పెట్టుకుంటానని అడిగితే హెడ్మిస్ట్రెస్ ముఖం చిట్లించింది. వీణలుండే గదిలో గిటారేంటి అంది. హైమావతి బీరువా తలుపు తీసి, పైఅరలో ఉన్న పాత చాపలన్నీ కిందకి లాగేసి చోటు చేసింది.

"తీగలున్నాయి, మెట్లున్నాయి. ఇది కూడా మా ఇంటి పిల్లేనండి," అంది హెడ్మిస్ట్రెస్‌తో.

ఆ గిటారు ఆమె రిటైరయ్యేదాకా ఆ బీరువాలోనే ఉంది. అంద్రెయ ఆమెని అక్కయ్యగారూ అని పిలవడం ఆ రోజు నుంచే.

ఇక మోకాళ్ళు. రెండూ అరిగిపోయాయి. డాక్టరు రెండూ మార్చేశాడు. నడక బాగుపడింది, మెట్లెక్కుతోంది, బజారుకి వెళ్ళొస్తోంది. కానీ నేల మీద బాసింపట్టు వేసుకు కూచోకూడదన్నాడు, ఇక ఎప్పటికీ. ఆ మాట చాలా తేలిగ్గా చెప్పాడు పాపం, ఆయనకేం తెలుసు.

హైమావతి మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని వీణ ఒళ్ళో పెట్టుకు చూసింది, దాని సొరకాయ బుర్ర ఆనడానికి చోటులేక జారిపోయింది. బల్ల మీద పెట్టి కుర్చీలో కూచుని చూసింది, మణికట్టు ఎదురుతిరిగింది. వాయిస్తుంటే ఎవరింట్లోనో ఎవరి పిల్లనో ఆడిస్తున్నట్టుంది గానీ తన వీణలా లేదు. చివరికి దాన్ని గుడ్డకప్పి మూలకి చేర్చింది. భర్త ఆ మూల వైపు చూడకుండా పేపరు చదువుకునేవాడు.

పోయినేడు మాఘమాసానికి, ఆపరేషనైన కొత్తలో, కర్ర పట్టుకునే బాపట్ల వెళ్ళింది. గుమ్మంలో అందరూ ఆప్యాయంగా పలకరించారు. హాల్లోకి రమ్మని కుర్చీ కూడా వేశారు. హైమావతే కాదంది. వాయించనిదాన్ని, వంటింట్లోనే ఉంటానంది. వంటింట్లో స్టూలు మీద కూచుని పులిహోరలోకి పల్లీలు పొట్టు తీస్తూ, హాల్లోంచి వస్తున్న వీణలన్నీ గోడవతల నుంచి వింది. తన వంతు వచ్చే చోట ఇంకెవరో వాయించారు. పక్కన కావేరి తాలింపు వేస్తోంది. ఇన్నేళ్ళుగా కావేరికి ఎలా ఉంటోందో హైమావతికి ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చాక భర్తతో ఒక్కటే అంది. "వచ్చే ఏడు కూడా వంటింట్లోనే అయితే నేను వెళ్ళనండి."

ఆ సంగతి విజయసారథి ఫోన్లో అంద్రెయకి చెప్పాడు. అంద్రెయ అంతా విని, తర్వాతి సెలవు రోజున రేపల్లె ప్యాసింజరు దిగి, భుజాన సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. సంచిలో గిటారు. చేతిలో చిన్న సౌండు డబ్బా.

"ఇది కుర్చీలో కూచుని వాయించేదండి అక్కయ్యగారూ," అన్నాడు. "మీ బీరువాలో పెరిగిందే. కొన్నాళ్ళు మీ దగ్గరుంచండి."

హైమావతి నవ్వేసి, కాఫీ ఇచ్చి పంపించేసింది. గిటారుని ముట్టుకోను కూడా లేదు. మర్నాడు భర్త బజారుకి వెళ్ళగానే సంచి జిప్పు తీసింది.

తీగలన్నిటినీ వీణ శ్రుతికి దింపింది. నాలుగు వాయించడానికి, మిగిలిన రెండూ తాళం తీగలు. మొదటి రోజే సరళీ స్వరాలు పలికాయి. ప్రాణం లేచొచ్చింది. కానీ చెయ్యి కిందకి జరిగేకొద్దీ స్వరం పక్కకి పోతోంది. మీద మెట్ల దగ్గర ఫర్వాలేదు, పన్నెండో మెట్టు దగ్గరికొచ్చేసరికి పై షడ్జం షడ్జంలా లేదు, కాస్త ఎక్కువ పలుకుతోంది. వీణలో అయితే మెట్లు మైనంలో ఉంటాయి. మైనం కరిగించి మెట్టుని వెంట్రుకవాసి అటో ఇటో జరిపితే సరిపోతుంది. ఇక్కడ మెట్లు ఇనప్పట్టీల్లా కర్రలో దిగేసి ఉన్నాయి. కదలవు. అంద్రెయకి ఫోన్ చేసింది.

"మెట్లు కదలవండి, కింద గుర్రాలు కదుల్తాయి," అన్నాడు అంద్రెయ. వీణకి తీగలన్నీ ఆనే గుర్రం ఒకటే. గిటారుకి తీగకొకటి చొప్పున ఆరు బుల్లి గుర్రాలున్నాయి, ఒక్కోదానికీ వెనక ఒక స్క్రూ. "ఉత్త తీగ మీటండి. తర్వాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం కావాలి, స్థాయి మాత్రమే తేడా. నొక్కినప్పుడు ఎక్కువ పలికితే గుర్రాన్ని వెనక్కి జరపండి, తక్కువైతే ముందుకి. జరిపినప్పుడల్లా తీగ వదులుచేసి, మళ్ళీ శ్రుతి చేసి చూసుకోవాలండి."

అదీ ఆ టంగ్, టింగ్ కథ. కుట్టుమిషన్ డబ్బాలోంచి బుల్లి స్క్రూడ్రైవర్ తీసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, హైమావతి ఆ ఆరు గుర్రాల వెంట పడింది. అన్ని తీగలూ ఎక్కువే పలుకుతున్నాయి. అన్ని గుర్రాలనీ వెనక్కి జరిపింది. చాల్లేదు. ఇంకా జరిపింది. ఒకదానికి స్క్రూ చివరికంటా వచ్చేసింది. మధ్యలో అన్నం మాడింది. విజయసారథి మాడిన అన్నం తిని చేయి కడుక్కుని, "ఇంకా ఎన్ని స్టేషన్లుందోయ్ నీ బండి?" అని అడిగాడు. ఆమెకి వినిపించలేదు.

అన్నీ కుదిరిన రోజున ఫోన్లో అంద్రెయతో గర్వంగా చెప్పింది. "మీ గిటారుకి ఇన్నాళ్ళూ శ్రుతి లేదు మాస్టారూ. నేను సరిచేశాను."

అంద్రెయకి లోపల కాస్త గుచ్చుకునే ఉంటుంది. ఆదివారం ఆదివారం చెవి పెట్టి చూసుకునే గిటారు మరి. వచ్చే శనివారం వస్తానన్నాడు.

వచ్చాడు. ఒళ్ళో పెట్టుకుని వాయించాడు. నాలుగు మెట్లు దిగేసరికి ముఖం ముడుచుకుపోయింది.

"తక్కువ పలుకుతోందండి అక్కయ్యగారూ. అన్నీ తక్కువే."

"తక్కువేంటండి, ఇటివ్వండి," అని ఆమె లాక్కుని వాయించింది. నిండుగా, నిటారుగా పలికింది. అంద్రెయ విన్నాడు. బాగానే ఉంది. మళ్ళీ తను తీసుకుని వాయించాడు. మళ్ళీ తక్కువ. ఇద్దరి చెవులూ మంచి చెవులే, అందులో అనుమానం లేదు. అదే గిటారు, అదే తీగ, అదే మెట్టు. కొంపదీసి దీనికి మనిషిని బట్టి పలికే జబ్బేదైనా ఉందా అని విజయసారథి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

అంద్రెయ జేబులోంచి ట్యూనర్ తీశాడు. గిటారు తలకి క్లిప్పులా తగిలించే చిన్న వస్తువు, శ్రుతి సరిపోతే పచ్చలైటు, తప్పితే ఎర్రలైటు వెలుగుతుంది. పచ్చలైటు, ఎర్రలైటు అనగానే విజయసారథి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది నా డిపార్టుమెంటు. నేను చూస్తాను, మీరిద్దరూ కానివ్వండి."

హైమావతి నొక్కింది. "పచ్చ," అన్నాడు. అంద్రెయ నొక్కాడు. "ఎర్ర." మళ్ళీ ఆమె, పచ్చ. మళ్ళీ ఆయన, ఎర్ర. ఎంతసేపు చేసినా అంతే. అప్పుడు విజయసారథి లైటు మీంచి చూపు తిప్పి వేళ్ళు చూశాడు. బండి వెనకపెట్టెలో నిలబడి చక్రాలూ బ్రేకులూ చూసుకుంటూ వచ్చిన కళ్ళవి.

"హైమా, మళ్ళీ నొక్కు. నీ గోరు చూసుకో," అన్నాడు. "తెల్లగా పాలిపోతోంది. మాస్టారి గోరు ఎర్రగానే ఉంటోంది. ఆయన తీగ మీద వేలు పెడుతున్నాడు. నువ్వు తీగని తొక్కుతున్నావు."

ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. గిటారుకి తీగ సన్నం, దాన్ని ఆనించితే చాలు. గట్టిగా నొక్కితే తీగ బిగుసుకుని స్వరం పైకి పోతుంది. అసలే శ్రుతికి దింపిన తీగలు వదులుగా ఉన్నాయి. హైమావతి వీణ మీద నొక్కినట్టే నొక్కి, అందువల్ల ఎక్కువ పలుకుతుంటే గిటారుదే తప్పనుకుని, ఆరు గుర్రాలనీ వెనక్కి తోసింది. ఆ గిటారు ఇప్పుడు లోకంలో ఆమె ఒక్క చేతికే శ్రుతిలో పలుకుతుంది.

విజయసారథి పగలబడి నవ్వాడు. అంద్రెయ మర్యాదకి నవ్వాపుకున్నాడు. హైమావతి నవ్వలేదు, తన ఎడమచేతి వేలి చివర చూసుకుంటూ ఉండిపోయింది. గోరు మళ్ళీ మెల్లగా ఎర్రబడుతోంది. ఆ వేలి మీద ఒకప్పుడు ఇంకో వేలుండేది. నొక్కు, ఇంకా నొక్కవే.

"మీ చెయ్యి తేలిక చేసుకుంటే సరిపోతుందండి," అన్నాడు అంద్రెయ. అలవాటు మీద వచ్చేస్తుందని ధైర్యం చెప్పి సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

హైమావతి గుర్రాలన్నిటినీ ముందుకి జరిపి మొదట ఉన్నచోటికే తెచ్చింది. చెయ్యి తేలిక చేసుకోవడానికి కూచుంది. నిజమే, వేలు తేలిగ్గా ఆనిస్తే స్వరాలు శ్రుతిలోనే పలికాయి. మోహనం ఫర్వాలేదనిపించింది. కానీ అమ్మాజీ గారి తిథికి ఆమె వాయించేది తోడి రాగం. తోడిలో గాంధారాన్ని ఊపాలి. తేలిక చేత్తో ఊపితే అది ఊగదు, వణుకుతుంది. తన గాంధారం తనకే పరాయిదైంది. కాస్త ఒళ్ళు మరిచిపోయి వాయిస్తే చాలు, చెయ్యి పాత దారినే తొక్కేది, స్వరం చెడేది. సాధన చేసేకొద్దీ రెండు చేతులూ కొత్తవాళ్ళవైపోతున్నట్టనిపించింది. మాఘం దగ్గరపడుతోంది.

ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ భర్తతో చెప్పేసింది. "ఆ తేలిక చేత్తో వాయించడానికి ఆవిడ ఇంటికి వెళ్ళలేనండి. అంతకంటే పల్లీలు పొట్టు తీసుకోవడం నయం. ఇంకొకరి వస్తువు పెట్టుకుని ఎన్నాళ్ళు అవస్థపడతాను. మాస్టారిని వచ్చి తీసుకెళ్ళమనండి."

గిటారుని సంచిలో పెట్టి, జిప్పు వేసి, గుమ్మం పక్కన ఆనించింది. వీణకి కప్పిన గుడ్డ దులిపి మళ్ళీ కప్పింది. ఆ పూట విజయసారథి పేపరు తలకిందులుగా పట్టుకుని చదివాడు.

అంద్రెయ వచ్చాడు. గుమ్మం పక్కనున్న సంచి చూశాడు. భుజానికి తగిలించుకుంటాడనుకుంటే, దాన్ని మళ్ళీ హాల్లోకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టి జిప్పు తీశాడు. జేబులోంచి కొత్త తీగల పొట్లాలు బయటపెట్టాడు. లావు తీగలు.

"ఏంటి మాస్టారూ ఇది?"

"తప్పు సలహా చెప్పానండి అక్కయ్యగారూ," అన్నాడు పాత తీగలు విప్పుతూ. "ఇంటికెళ్ళాక ఆలోచన చేశాను. అంత కష్టపడి తెచ్చుకున్న చెయ్యి, దాన్ని ఈ గిటారు కోసం మార్చుకోమన్నాను. మనిషి చెయ్యే మారాలంటే ఇంక ఈ గుర్రాలకి స్క్రూలెందుకండి?"

లావు తీగలు ఎక్కించాడు. గుర్రాలని కాస్త పైకి లేపి, తీగలకీ మెట్లకీ మధ్య ఎడం పెంచాడు. "ఇప్పుడు మీ బరువు ఆపుతుంది. నొక్కండి, మొహమాటపడకండి," అన్నాడు. విజయసారథి ట్యూనర్ ముందు కుర్చీ వేసుకున్నాడు. హైమావతి నొక్కుతుంటే, ఆయన లైటు చెబుతుంటే, అంద్రెయ స్క్రూలు తిప్పాడు. ఈసారి గుర్రాలు చివరికంటా పోలేదు, మధ్యలోనే నిలబడ్డాయి. ఆరో తీగ కూడా పచ్చ అయ్యాక అంద్రెయ చేతులు తుడుచుకున్నాడు.

"మొదటి మెట్ల దగ్గర రవ్వంత ఎక్కువ పలుకుతుందండి. అది ఇంక నా వల్ల కాదు."

"అది గమకంలో కలిపేసుకుంటాలెండి," అంది హైమావతి. తర్వాత, "మరి మీరెలా వాయించుకుంటారు? ఇది మీ చేతికి పలకదుగా ఇంక," అని అడిగింది.

"నాకు చర్చిలో ఇంకోటి ఉందండి. ఇది మీ బీరువాలో ఉన్నన్నాళ్ళూ, చోటు ఖాళీ చెయ్యమని ఎప్పుడన్నా అన్నారా మీరు?"

హైమావతి లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించి, పాలు పెట్టి, ఆ పాలు పొంగేదాకా కళ్ళు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. తన కోసం ఒక మనిషి తన వాయిద్యాన్ని తనే వాయించుకోలేకుండా చేసుకున్నాడు. ఆ మాట అనుకుంటే గుండె నిండిపోయింది. ఆ రోజు అంద్రెయకి భోజనం పెట్టి గానీ పంపలేదు. విస్తట్లో గారెలు కొసరి కొసరి వడ్డించింది.

మాఘమాసం తిథి రోజున బాపట్ల స్టేషన్లో దిగారు. సౌండు డబ్బా విజయసారథి మోశాడు. అమ్మాజీ గారి హాల్లో చాపలు పరిచి ఉన్నాయి, వీణలు వరసగా పడుకుని ఉన్నాయి. గిటారుతో లోపలికొచ్చిన హైమావతిని చూసి మాటలు ఆగిపోయాయి. ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. ఇంకొకావిడ కాస్త పైకే అనేసింది. "అమ్మాజీ గారుంటే ఒప్పుకునేవారంటావా హైమా?"

అదే ప్రశ్న హైమావతి రైల్లో వచ్చినంతసేపూ తనని తాను అడుగుతూనే ఉంది. ఆ అడిగినావిడకి వంటింటి గుమ్మంలోంచి కావేరి జవాబు చెప్పింది. చేతిలో గరిటె ఉంది.

"వాయించనివాళ్ళు వంటింట్లో అని కదా అమ్మ అంది అక్కయ్యగారూ. ఏది వాయించాలో చెప్పలేదు."

ఎప్పటిలా చిన్నవాళ్ళతో వాయించడం మొదలైంది. ఒక్కొక్కరూ వాయించి తప్పుకుంటున్నారు. హైమావతి వంతు వచ్చింది. కుర్చీలో కూచుంది. సౌండు డబ్బాని వీలైనంత తగ్గించి పెట్టింది. తోడి మొదలుపెట్టింది. మొదటి స్వరాలు కాస్త బెదురుగా వచ్చాయి. గాంధారం దగ్గరికొచ్చేసరికి చెయ్యి దాని మానాన అది నొక్కింది. తీగ బరువుని ఆపింది. గాంధారం ఊగింది. అక్కడి నుంచి ఆమెకి గిటారని గుర్తులేదు, కుర్చీ అని గుర్తులేదు. చాపల మీద కూచున్నవాళ్ళలో ఒకావిడ తనకి తెలియకుండానే ఎడమచేతి వేలు మోకాలి మీద ఆనించి నొక్కుతోంది. ఆవిడా ఆ హాల్లో ఏడ్చి నేర్చుకున్నదే.

అయిపోయింది. అందరివీ అయిపోయాక కొందరు విస్తళ్ళు వెయ్యడానికి లేచారు. కావేరి కాఫీ గ్లాసు తెచ్చి హైమావతికిచ్చింది. ఇచ్చి వెళ్ళిపోకుండా, ఆమె ఒళ్ళోని గిటారు వంక చూస్తూ నిలబడింది.

"ముట్టుకోనా హైమక్కా?"

"అడుగుతావేంటే, ముట్టుకో."

కావేరి చీర చెంగుతో చేతులు తుడుచుకుని వంగింది. పన్నెండో మెట్టు మీద వేలానించి, రెండో చేత్తో తీగ మీటింది. స్వరం కిందకి జారినట్టు పలికింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"చూశావా, నాకు తక్కువే పలుకుతుంది. అమ్మ అప్పుడే చెప్పింది, నా చేతిలో బరువు లేదని."

హైమావతి కాఫీ గ్లాసు కింద పెట్టింది. కావేరి చెయ్యి పట్టుకుని, ఆ వేలిని తీసుకెళ్ళి మళ్ళీ అదే మెట్టు మీద పెట్టింది. దాని మీద తన వేలు పెట్టింది. "నొక్కు," అంది. కావేరి నొక్కింది. "ఇంకా నొక్కవే," అని పైనుంచి తనూ నొక్కింది. కావేరి గోరు తెల్లబడింది. "ఇప్పుడు మీటు."

కావేరి మీటింది. పై షడ్జం నిండుగా, సూటిగా పలికి, హాల్లో కాసేపు నిలబడింది. విస్తళ్ళు వేస్తున్నవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఆగి ఇటు చూశారు. కావేరి కళ్ళనిండా నీళ్ళున్నాయి. వేలు మాత్రం తియ్యలేదు.

"నొప్పి పుడుతోంది హైమక్కా," అంది.

"పుడుతుంది," అంది హైమావతి. "వాయించావుగా. ఇంక వంటింట్లోకి వెళ్ళక్కర్లేదు, హాల్లో కూచో."

చాప మీద కూచున్న ఒకావిడ కాస్త జరిగింది. కావేరి ఆమె పక్కన, హైమావతి కుర్చీ కాళ్ళ దగ్గర, కూచుంది. ఆ పూట వడ్డన విజయసారథి చేశాడు.